పీట మీద తుపాకి

మా ముత్తాత కరీంనగర్ దిక్కు నుంచి మగ్గం సామాను ఎద్దుబండిలో వేసుకొని సోలాపూర్ వచ్చినవాడు. మా తాత ఆ ఒక్క మగ్గాన్ని నలభై మగ్గాలు చేసినవాడు, గల్లీలో తగవులు తీర్చినవాడు. ఆయన అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్లు చెప్పులు చేత పట్టుకొనేవారని మా బంధువులు చెప్పుకుంటారు. అది అబద్ధం. గొంతులు తగ్గించేవారు, అంతే. అది చాలదా? మా నాయన చేతిమగ్గాలు తీసేసి, కరెంటుతో నడిచే సాంచాలు పెట్టించి, చద్దర్లూ తువాళ్లూ నేయించినవాడు. ఆయన తర్వాత నేను. నాకు అన్నదమ్ములు లేరు. నేను పెళ్లయి వెళ్లిపోతే కార్ఖానా ఎవరు చూస్తారని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు, కనుక వెళ్లలేదు.

మా ఇంటికి గల్లీలో రెండు మర్యాదలు ఉండేవి. దసరాకు ముందురోజు, ఖండే నవమినాడు, సోలాపూర్‌లో సాంచాలన్నీ ఆగిపోతాయి. నాడెలు, కత్తెరలు, పన్నెలు, పనిచేసే ప్రతి ఇనుపముక్కా కడిగి, బొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి పూజ చేస్తారు. పూజ అయ్యాక మర్నాటి వరకు వాటిని ఎవరూ తాకరు. దసరా పొద్దున మొదట మా ఇంటి సాంచా మోగాలి. ఆ చప్పుడు విన్నాకే గల్లీలో మిగతావాళ్లు తమవి నడుపుతారు. ఇది తాత కాలం నుంచి వచ్చిన మర్యాద. రెండోది తుపాకి.

నూలు గోదాముకు కాపలా కోసమని తాతకు లైసెన్సు ఇచ్చారు. ఒంటి గొట్టం తుపాకి. నడిమింట్లో గోడకు రెండు ఇత్తడి కొక్కేల మీద ఉండేది. తాత దాన్ని జన్మలో రెండుసార్లు పేల్చాడు, రెండుసార్లూ గాలిలోకే. కాని నవమి పూజలో పీట మీద అన్నిటికంటే మధ్యన ఉండేది అదే. గల్లీ ఆడవాళ్లు తమ ఇళ్లలో పూజ కాగానే పళ్లెం పట్టుకొని మా ఇంటికి వచ్చి దానికి కుంకుమ పెట్టి పోయేవారు. ఎన్నికలు వచ్చాయంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు ఠాణాలో అప్పగించాలి. అది నాయనకు పండుగ. తెల్లని ధోవతి కట్టి, నల్లని టోపీ పెట్టుకొని, ఖాకీ గుడ్డ తొడిగిన తుపాకిని భుజాన వేసుకొని, కొంతం చౌక్ మీదుగా నడిచివెళ్లేవాడు. రిక్షా ఎక్కేవాడు కాదు. అరుగుల మీద తునికాకు కత్తిరించి బీడీలు చుట్టే ఆడవాళ్లు చేటలు పక్కకు జరిపి చూసేవారు. ఎన్నికలయ్యాక మళ్లీ అదే నడక, అటునుంచి ఇటు.

ఒక ఏడు నవమికి ముందు నేను దాన్ని తుడవడానికి కొక్కెం మీది నుంచి దింపాను. చేతికి తేలికగా తగిలింది. గొట్టం చివర చూస్తే నీళ్ల పైపుకు ఉండే మర గీతలు కనిపించాయి. నాయన కుర్చీలో అటు తిరిగి కూర్చొని ఉన్నాడు. తల తిప్పకుండానే అన్నాడు:

"తేలికైంది గదా?"

"ఏంది నాయినా ఇది?"

"సాంచాలకు కట్టెపని జేసే వడ్లాయన జేసిండు. మంచిగనే జేసిండు. గీ సంగతి ఆయనకు, నాకు, ఇగ నీకు. నాలుగో మనిషికి తెల్వొద్దు."

అంతకంటే అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నికలకూ నాయన అలాగే తెల్లధోవతి కట్టి నడిచాడు. కొంతం చౌక్ దాటాక సందు తిరిగి, ఒక చుట్టాల ఇంట్లో మూట పెట్టి, అక్కడ చాయ్ తాగి వచ్చేవాడు. ఆయన పోయాక రెండు ఎన్నికలకు నేనూ నడిచాను. తెల్లచీర కట్టుకొని, రిక్షా ఎక్కకుండా.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ కట్టె తుపాకి వల్ల ఒక మనిషి ప్రాణం పోయేది. తప్పు పోలీసులదని అప్పట్లో గల్లీ అంతా అన్నది. సగం తప్పు నాది. ఆ సగం రాయకుండా మిగతా సగం రాయడానికి నాకు హక్కు లేదు.

అప్పటికి మా షెడ్డులో ఎనిమిది సాంచాలే మిగిలాయి. చద్దర్ల గిరాకీ పోయి తువాళ్లు నేయించేవాళ్లం. మా దగ్గర అందరికంటే పాత పనివాడు ఒకాయన ఉండేవాడు. వాళ్ల నాయన మా తాత దగ్గర నేశాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అక్కా అనేవాడు. మంచి పనివాడు. అతను పడుగు పోగు అతికితే ముడి ఎక్కడుందో వేలికి తగలదు. కాని ముప్పై ఏళ్ల వయసులో అతనికి తలలో మాటలు వినిపించడం మొదలైంది. ఎవరో తనను పిలుస్తున్నారనీ, తిడుతున్నారనీ, తీసుకుపోవడానికి వస్తున్నారనీ అనేవాడు. పెద్ద దవాఖానాలో గోళీలు ఇచ్చారు. రోజూ వేసుకుంటే నిలకడగా ఉండేవాడు. ఒకసారి నేను, చెవులు చిల్లులు పడే ఈ చప్పుడులో పన్నెండు గంటలు ఎట్లా నిలబడతావని అడిగితే నవ్వాడు.

"అక్కా, సాంచా నడుస్తుంటె నా నెత్తిల మాటలు ఇనపడయి. నాకు గిదే ఆరాం."

నాకు ఇప్పుడు ఆ చప్పుడు గుర్తొస్తే ఏడుపు వస్తుంది. అప్పట్లో పగలూ రాత్రీ గోడలు అదురుతూ ఉండేవి. షెల్ఫులో గిన్నెలు సన్నగా మోగుతూ ఉండేవి. మేము సైగలతో మాట్లాడుకొనేవాళ్లం; మా గల్లీలో పుట్టిన పిల్ల పెదవుల కదలిక చూసి మాట పట్టుకొంటుంది. ఊరికి పోతే నిశ్శబ్దానికి నిద్ర పట్టేది కాదు. అతని సంగతి మాకు వింతగా అనిపించకపోవడానికి అదీ ఒక కారణం.

ఆ ఏడు నవరాత్రికి అతను తొమ్మిది రోజులు ఉపవాసం పట్టాడు. ఉపవాసమంటే నవమి పూజ అయ్యేవరకు నీళ్లు, పాలు తప్ప నోట్లో ఏదీ వేయకూడదు. గోళీ కూడా ఏదో ఒకటే గదా అనుకొని గోళీలు మానేశాడు. వాళ్లావిడకు తెలుసు. బీడీలు చుట్టి ఇల్లు నడిపే మనిషి, నోరున్న మనిషి. కాని దేవుడి పేరు మీద మానినదాన్ని వేసుకోమని చెప్పడానికి ఆమెకూ నోరు రాలేదు. నేను తిని పెరిగిన ఇంటి నియమాలు అవే కనుక ఆమెను ఏమీ అనలేను.

నవమి రోజు మధ్యాహ్నం. పూజ అయిపోయింది. నడిమింట్లో కొత్త చద్దరు పరిచిన పీట మీద నాడెలు, కత్తెరలు, మధ్యలో బంతిపూల దండతో తుపాకి. ఆడవాళ్లు వచ్చి పోతున్నారు. ఊరంతా నిశ్శబ్దం, ఏడాదికి ఆ ఒక్కరోజే మా గల్లీలో కాకి అరుపు వినిపిస్తుంది. అతను గడపలో నిలబడ్డాడు. కళ్లు లోతుకు పోయి, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అక్కా, వాళ్లొస్తున్నరు."

"ఎవరు?"

"పొద్దుగాల్నుంచి పిలుస్తున్నరు. ఇయ్యాల మస్తు దగ్గర్నుంచి ఇనొస్తున్నది."

నేను నీళ్లు తేవడానికి లోపలికి తిరిగాను. వెనక ఆడవాళ్ల అరుపులు. తిరిగి చూసేసరికి పీట మీద దండ తెగి పడి ఉంది, తుపాకి లేదు.

నాకు భయం వేయలేదు. సిగ్గుపడాల్సిన మాటే గాని రాస్తున్నాను: నాకు మొదట వచ్చిన ఆలోచన, ఎవరైనా అతని చేతిలోంచి దాన్ని లాక్కుంటే బరువు తెలిసిపోతుందని. ఆ ఆలోచనతోనే గడపలోకి వచ్చి అరిచాను. "ఎవ్వరు దగ్గరికి పోవద్దు! అది తుపాకి!" అది విని ఎవరో పోలీసులకు ఫోను చేశారు.

అతను కుంఠా నాకా వైపు పరుగెత్తాడు. మామూలు రోజయితే ఆ సాంచాల హోరులో ఎవరికీ ఏమీ వినపడేది కాదు. ఆ రోజు ప్రతి అరుపూ గోడకు తగిలి రెట్టింపు అయింది. కుర్రవాళ్లు మోటారు సైకిళ్ల మీద, ఫోన్లు పైకెత్తి పట్టుకొని వెంటపడ్డారు. ఎదురుగా పోలీసు జీపు సైరన్ వేసుకొని వచ్చింది. తనను పట్టుకోవడానికి ఎవరో వస్తున్నారని పొద్దున్నుంచి భయపడుతున్న మనిషికి అప్పుడు నిజంగానే అందరూ వస్తూ కనిపించారు. ఆ భయం అబద్ధమని అతనికి ఇక ఎవరు చెప్పగలరు? వెనక్కి తిరిగి, రెండు సందులు దూకి, మా షెడ్డులోకి దూరాడు. నిచ్చెన ఎక్కి నూలు మూటలు పెట్టే అటక మీద కూర్చున్నాడు. అటక కిటికీలోంచి తుపాకి గొట్టం బయటికి కనిపిస్తూ ఉంది.

పరుగెత్తే మనిషి ఎటు పరుగెత్తాడో పోలీసులు చూడాలని నాకు అనిపిస్తుంది. ఊరు దాటిపోయేవాడు వేరు. తాను రోజూ పనిచేసే చోటికి వచ్చి కూర్చున్నవాడు వేరు. వాడు ఎవరి మీదికీ పోవడం లేదు, దాక్కుంటున్నాడు. అక్కడ తొందర ఎవరికి? అతనికి లేదు. ఆ రోజు తొందరంతా బయట ఉన్నవాళ్లదే.

జీపులో వచ్చిన ఫౌజ్‌దార్, అంటే ఎస్సై, ముప్పై అయిదేళ్ల మనిషి, మరాఠీ ఆయన. గుంపును వెనక్కి నెట్టించాడు. అది మంచి పనే. తర్వాత ఆయన మనుషులు ముగ్గురు మూడు వైపుల నుంచి ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఒకరు మరాఠీ, ఒకరు హిందీ, ఒకరు వచ్చీరాని తెలుగు. "బందూక్ టాక్! ఫేంక్ దో! కింద పడెయ్!"

లోపలి నుంచి అతను: "పడెయ్య! పాపం తగుల్తది! పడెయ్య!"

పూజలో పెట్టిన ఆయుధాన్ని నేల మీద పడేయడం మాలో ఎవరూ చేయరు. కాలికి తగిలితేనే కళ్లకద్దుకొంటాం. మా గల్లీవాళ్లందరికీ ఆ మాట అర్థమైంది. పోలీసులకు మాత్రం అది లొంగనంటున్న మాటగా తోచింది. ఫౌజ్‌దార్ ముఖం బిగుసుకొంది. మా అరుగు దగ్గరికి వచ్చి నన్ను అడిగాడు.

"తాయీ, బందూక్ భర్లేలీ ఆహే కా?" అక్కా, తూటా నింపి ఉందా అని.

గల్లీ అంతా చూస్తోంది. బీడీల ఆడవాళ్లు, కుర్రవాళ్లు, పక్క కార్ఖానా యజమాని. నా నోట్లోంచి మా నాయన మాట వచ్చింది. ఎవరు అడిగినా ఆయన చెప్పే మాట అది.

"మా ఇంటి తుపాకి ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది."

మరాఠీలోనే చెప్పాను, తప్పు లేకుండా. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు.

కాసేపటికి పొడుగు తుపాకితో ఒక పోలీసు ఎదురు మేడ ఎక్కాడు. అక్కడ దండేల మీద తువాళ్లు ఆరుతున్నాయి, మేము నేసినవే. రెండు పక్కకు తొలగించి, వాటి మధ్య బోర్లా పడుకొని, అటక కిటికీకి గురి పెట్టాడు. అటక మీదున్నవాడి భార్య అది చూసింది. వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది. జీవితంలో నన్ను ఏమీ అడగని మనిషి.

"అక్కా, నువ్వు పెద్దింటిదానివి. నీ మాటంటె ఇంటరు. కాల్చొద్దని చెప్పు. ఆయన ఈగను గూడ సంపడు. జొన్నరొట్టె మీద చీమ ఉంటె ఊది తింటడు."

ఇంత చేసీ నేను వెంటనే లేవలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. తాత, నాయన, రెండు ఇత్తడి కొక్కేలు, కొంతం చౌక్ మీదుగా ఆ నడకలు, అన్నీ తలలో తిరిగాయి. అప్పుడు మేడ మీది పోలీసు మోచేయి సర్దుకొన్నాడు. ఒక తువాలు జారి కింద పడింది. నేను లేచాను. ఫౌజ్‌దార్ దగ్గరికి వెళ్లి, గల్లీ అంతా వినేటట్టు, ఎందుకంటే మెల్లగా చెబితే మళ్లీ మింగేస్తానని నాకు తెలుసు, చెప్పాను.

"అది కట్టె తుపాకి. గొట్టం నీళ్ల పైపు. మా నాయన చేయించాడు. ఇందాక నేను చెప్పింది అబద్ధం."

ఆయన నన్ను కింది నుంచి మీదికి చూశాడు. పనివాణ్ణి కాపాడుకోవడానికి చెబుతున్నానని అనుకొన్నాడు, ఆయన స్థానంలో ఎవరైనా అలాగే అనుకొంటారు.

"ఏది నమ్మమంటారు తాయీ? ఇందాకటిదా, ఇప్పటిదా?"

"నన్ను నమ్మకండి. మీ ఠాణాలో రిజిస్టరు ఉంటుంది గదా, లైసెన్సులది. అది చూడండి."

ఆయన ఫోను తీశాడు. అటువైపు గుమాస్తా బీరువా తెరిచి, పుస్తకం తీసి, పేజీలు తిప్పేవరకు అందరం నిలబడ్డాం. ఫోను స్పీకరులో పెట్టాడు. మా ఇంటి లైసెన్సు నాయన తన చేత్తో తిరిగి ఇచ్చేశాడనీ, తుపాకి చట్టప్రకారం అమ్మినట్టు రాసి ఉందనీ గుమాస్తా చదివాడు. ఎవరికి అమ్మాడో కూడా చదివాడు. అది నాకూ అప్పుడే తెలిసింది.

ఫౌజ్‌దార్ మేడ మీది మనిషికి చేత్తో సైగ చేశాడు. తుపాకి పక్కకు తిరిగింది.

చేతిలో ఆయుధం ఉన్నవాణ్ణి చూసి పోలీసు అది నిజమైనదే అనుకోవడంలో తప్పు లేదు. అలా అనుకోకపోతే వాళ్ల పిల్లలకు దిక్కెవరు? కాని ఆ ఆయుధం ఎక్కడిది, ఆ మనిషి ఎవరు, ఏ జబ్బు, గోళీ ఎప్పుడు మానాడు అన్నవి అడగడానికి అరగంట చాలు. ఆ అరగంట కోసం దూరంగా, గోడ చాటున నిలబడవచ్చు. మొదటే రిజిస్టరు చూసి ఉంటే నా అబద్ధానికి బలమే ఉండేది కాదు. ఇది ఆయనతోనే తర్వాత అన్నాను, ఒప్పుకొన్నాడు.

తుపాకి కట్టెదని తేలింది గాని పని కాలేదు. అటక మీద వాడకం మానేసిన పెద్ద కత్తెరలు ఉన్నాయి. అతను తనకు తాను ఏమైనా చేసుకొంటాడేమోనని వాళ్లావిడ భయం. ఫౌజ్‌దార్ అందరినీ నిశ్శబ్దంగా ఉండమన్నాడు. గల్లీలో సూది పడితే వినిపించేటట్టు అయింది. ఆ నిశ్శబ్దంలో అతను ఇంకా గట్టిగా అరవసాగాడు, మాతో కాదు, తలలో ఉన్నవాళ్లతో. "నన్ను పిలవకుండ్రి! నేను రాను!"

వాళ్లావిడ ఫౌజ్‌దార్ చెయ్యి పట్టుకొన్నంత పని చేసింది. "సార్, సాంచాలు బంద్ ఉంటె గిట్లనే అయితది సార్! ప్రతి నవమికి గింతే. చప్పుడుంటె ఊకుంటడు."

ఆయనకు అర్థం కాలేదు. నేను మరాఠీలో చెప్పాను: మా షెడ్డుకు, పక్క షెడ్డుకు ఒకటే గోడ. అక్కడ సాంచా నడిపితే అటక అదురుతుంది. అతనికి తలలో మాటలు వినపడవు. నడిపించండి.

పక్క షెడ్డు యజమాని ఒకప్పుడు మా దగ్గర కండెలు చుట్టినవాడు. ఇప్పుడు ఇరవై సాంచాలు. అరుగు మీద చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

"నవమినాడు సాంచానా అక్కా? దండలేసినయి. అయినా మీ ఇంట్ల సాంచా మోగంది మేమెట్ల మొదలువెడ్తం? మీ తాతల నాటి మర్యాద గదా."

గొంతులో ఎత్తిపొడుపు ఉంది. ఉండడం న్యాయమే, తుపాకికి అతనూ ఇరవై ఏళ్లు దండం పెట్టాడు.

"ఇగ ఆ మర్యాద లేదు. నేనే చెప్తున్న. నీదే మొదలువెట్టు. పాపం నాకు తగలనీ."

అతను నా ముఖం చూసి చేతులు విప్పాడు. లోపలికి పోయాడు. ముందు ఒక సాంచా మూలిగింది, తర్వాత అందుకొంది. రెండోది, మూడోది. గోడ అదరడం మా అరుగు దగ్గర నిలబడ్డ నాకు అరికాళ్లకు తెలిసింది. ఎవరూ చెప్పకుండానే ఎదురింటివాళ్లు తమవి వేశారు. నవమినాటి మధ్యాహ్నం మా గల్లీ అంతా సాంచాలు నడిచాయి, బంతిపూల దండలు ఊగుతూ, రేకులు రాలుతూ.

అటక మీది కేకలు ఆగిపోయాయో, వినపడటం లేదో తెలియలేదు. ఫౌజ్‌దార్ తన మనుషులను షెడ్డు గోడ చాటుకు పంపి, గుమ్మానికి ఎదురుగా ఎవరూ ఉండకుండా చేశాడు. జీపును సందు మలుపు అవతలికి పంపించాడు. టోపీ తీసి చంకలో పెట్టుకొన్నాడు. ఇక ఎవరూ మాట్లాడవద్దు, వాళ్లావిడ ఒక్కతే సైగలతో మాట్లాడాలి అన్నాడు. చాలాసేపు నిలబడ్డాం. చాయ్ వచ్చింది, పోలీసులకు, మాకు. కిటికీలోంచి గొట్టం లోపలికి పోయింది.

తర్వాత అతను గుమ్మంలో కనిపించాడు. రెండు చేతుల మీద తుపాకిని అడ్డంగా, పసిబిడ్డను మోసినట్టు పట్టుకొని. ముఖం చిరాకుగా ఉంది. నన్ను చూసి, ఆ హోరులో మేము మాట్లాడుకొనే తీరులో, పెదవులు బాగా కదిలిస్తూ అడిగాడు.

"అక్కా, ఇయ్యాల నవమి గదా? సాంచాలెందుకు నడుస్తున్నయి? అకల్ లేదా ఎవ్వలికి?"

బీడీల ఆడవాళ్లలో ఒకామెకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకొంది. ఒక పోలీసు "ఖాలీ ఠేవ్, ఖాలీ ఠేవ్," కింద పెట్టు అని సైగ చేశాడు. అతను బిగుసుకుపోయాడు, తుపాకిని గుండెకు అదుముకొన్నాడు. నేను ఫౌజ్‌దార్‌తో అన్నాను: "నేల మీద పెట్టడు. పీట కావాలి."

ఆయన వాదించలేదు. లోపలి నుంచి పూజపీట తెప్పించి, చద్దరుతో సహా, ఒక పోలీసు చేత వెదురు కర్రతో గుమ్మం వైపు నెట్టించాడు. వాళ్లావిడ ఇటువైపు నుంచే చేతులతో చూపించింది: పెట్టు, పీట మీద పెట్టు. అతను వంగి, తుపాకిని పీట మీద నిదానంగా పెట్టి, చద్దరు ముడత సరిచేసి, రెండు చేతులూ కళ్లకద్దుకొని, నాలుగడుగులు నడిచి వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

చేతికి బేడీ వేయలేదు. గల్లీ మధ్యలోంచి నడిపించలేదు. అంబులెన్సు వచ్చేవరకు అరుగు మీదే కూర్చోబెట్టారు. "గోళీ ఏసుకుంటవా?" అని భార్య అడిగితే, "పూజ అయింది గదా, ఇయ్యి," అన్నాడు. దవాఖానాలో కొన్ని వారాలు ఉండి వచ్చాడు. ఇప్పటికీ ఉన్నాడు, పక్క షెడ్డులో నేస్తాడు. నవరాత్రికి గోళీ ఉపవాసంలో లెక్క కాదని మా పూజారి చేత చెప్పించాం.

ఫౌజ్‌దార్ వెళ్లే ముందు మా అరుగు మీద కూర్చొని నీళ్లు తాగాడు. "తాయీ, మొదట ఎందుకు అలా చెప్పారు?" అని అడిగాడు. నేను తెరిచిన తలుపులోంచి నడిమింటి వైపు చూశాను. గోడ మీద ఖాళీ కొక్కేలు ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయి. "పుస్తకం చూడాల్సింది నేను," అన్నాడు, లేచాడు. పంచనామా రాసి, కట్టె తుపాకిని ఖాకీ గుడ్డలో చుట్టి జీపులో పెట్టించాడు. అన్ని ఎన్నికలు దొంగనడకలు నడిచిన ఆ మూట చివరికి ఠాణాకు చేరింది.

గల్లీ ఊరుకొంటుందా? "గా నీళ్ల పైపుకు ఇన్నేండ్లు కుంకుమ వెట్టినమా!" అని బీడీల ఆడవాళ్లు నెలరోజులు నవ్వారు. అతని భార్య మాత్రం వాళ్లతో, "నవ్వుండ్రి, నవ్వుండ్రి. నిజం తుపాకి అయితె నా బొట్టు పోయేది. కట్టెదైనందుకే ఇంకింత కుంకుమ వెడ్త," అనేది. ఆ నవమి మర్నాడు, దసరా పొద్దున, ఎవరూ మా ఇంటి కోసం ఆగలేదు. గల్లీ చివర ఎక్కడో మొదటి సాంచా మోగింది. నేను వంటింట్లో ఉన్నాను. షెల్ఫులో గిన్నెలు ఎప్పటిలాగే సన్నగా మోగాయి. విని, పొయ్యి వెలిగించాను.

మా ఎనిమిది సాంచాలు కిందటేడు పాత ఇనుము వ్యాపారికి అమ్మేశాం. ఇత్తడి కొక్కేలు అంతకుముందే పోయాయి. అసలు తుపాకిని, చద్దర్ల గిరాకీ పడిపోయిన ఏడు, పనివాళ్లకు దసరా బోనసు ఇవ్వడానికి, మా నాయన అక్కల్‌కోట్ వైపు ఒక చెరుకు రైతుకు అమ్మాడు, తోటలో అడవిపందులను బెదిరించుకోవడానికి.